నేతిగిన్నె, నిద్రించు నది : శాస్త్రబుద్ధిపై లోకహాసము

ఒక తార్కికుడు అంగడిలో నేయి కొని, గిన్నెలో పోయించుకొని ఇంటికి వచ్చుచుండెను. దారిలో నాతనికొక సందేహము కలిగినది. గిన్నె నేతికి ఆధారమా, నేయి గిన్నెకు ఆధారమా? ఆధారము, ఆధేయము అను మాటలతోనే ప్రొద్దు గడుపువాడగుటచే ఆ సందేహము నాతడు త్రోసివేయజాలకపోయెను. గిన్నెను తలక్రిందులు చేసి చూచెను. నేయి మట్టిపాలైనది, సందేహము తీరినది. ఇంటికడ ఇల్లాలు ఏమన్నదో కథ చెప్పదు. ఊహించుట కష్టము కాదు.

ఈ కథను పండితులే పండితులపై చెప్పుకొని నవ్వుదురు. పామరులును నవ్వుదురు. తెలుగునాట ముత్తాతల నాటినుండి వచ్చుచున్న నవ్వు ఇది. అయితే ఈ నవ్వు దేనిపై? తార్కికునకు లోకజ్ఞానము లేకపోవుటపైనా? ఎవ్వరికిని రాని సందేహము వచ్చుటపైనా? లేక, వచ్చిన సందేహమును తీర్చుకొనుటకు చేయి కదపుటపైనా? ఈ మూడును ఒక్కటి కావు. మొదటిదానిపై నవ్వినవాడు వివేకి. రెండవదానిపై నవ్వినవాడు సామాన్యుడు. మూడవదానిపై నవ్వినవాడు, తానెఱుగకయే, విజ్ఞానశాస్త్రము యొక్క పుట్టుకపైననే నవ్వినవాడగుచున్నాడు.

శాస్త్రము చదివినవాడు లోకమువలె ఆలోచింపడని చెప్పి నవ్వించు కథలు అన్ని దేశములందును కలవు. మన భాషలోను, మన ఇరుగుపొరుగు భాషలలోను అట్టివి సమృద్ధిగా ఉన్నవి. వీనినన్నిటిని 'పండితుని వెఱ్ఱి' అను ఒకే గంపలో వేయుట వాడుకయైనది. ఆ గంపను క్రుమ్మరించి, వేని నవ్వు ఎట్టిదో ఏర్చి చూపుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

పుస్తకమే లోకమైనవారు

పంచతంత్రములోని అయిదవ తంత్రమున నలుగురు పండితుల కథ కలదు. చిన్నయసూరి 1853లో చెన్నపురియందు ప్రకటించిన నీతిచంద్రికలో మిత్రలాభ, మిత్రభేదములు మాత్రమే ఉండుటచే, పాఠశాలలో సూరిగారి వచనము చదువుకొన్నవారికి ఈ కథ అందు దొరకదు. కాని తాతల నోట విననివారరుదు. ఆ నలువురు చదువు ముగించి స్వదేశమునకు బయలుదేరిరి. దారి రెండుగా చీలినచోట ఎటు పోవలెనో తెలియక పుస్తకము విప్పిరి. గొప్పవారు నడచినదే దారియని అందున్నది. శవమును మోసికొనిపోవు పెద్ద గుంపు కనబడగా వారి వెంట శ్మశానమునకు పోయిరి. అచ్చట నొక గాడిద నిలిచియుండెను. శ్మశానమున తోడు నిలిచినవాడు బంధువని పుస్తకములో నుండుటచే దానిని కౌగిలించుకొనిరి. ఇట్లు కథ సాగును.

ఇందు నవ్వబడినది ఆలోచనలోని భేదము కాదు, ఆలోచన లేమి. పుస్తకములోని వాక్యము వారికి కంటికి బదులుగా పనిచేసినది. లోకములోని వస్తువును చూచి వాక్యమును సరిదిద్దుకొనుటకు మాఱుగా, వాక్యమును చూచి వస్తువునకు పేరు పెట్టిరి. దీనిపై లోకము నవ్విన నవ్వు న్యాయమైనది. శాస్త్రజ్ఞుడును లోకముతో కలిసి ఇచ్చట నవ్వవలసినవాడే.

ఇదే జాతికి చెందిన నవ్వు పడమటిదేశమున మోలియేరు 1673లో రచించిన కడపటి నాటకములో కనబడును. వైద్యపట్టమునకు వచ్చిన అభ్యర్థిని పరీక్షకులు అడుగుదురు: నల్లమందు నిద్ర ఏల కలిగించును? దానిలో నిద్ర కలిగించు గుణము కలదు గనుక అని అతని సమాధానము. పరీక్షకులు భళీయని మెచ్చుకొందురు. ప్రశ్నలోని మాటనే పెద్ద మాటగా మార్చి జవాబుగా నిలుపుటయే ఇందలి చమత్కారము. ఈ నవ్వు వైద్యులను ఎంత గ్రుచ్చినదో, శాస్త్రమునకు అంత మేలు చేసినది. పేరు పెట్టుట వేఱు, కారణము చెప్పుట వేఱు అను భేదమును చెప్పవలసి వచ్చినపుడు నేటికిని తత్త్వశాస్త్రజ్ఞులు ఈ నల్లమందు జవాబునే ఉదాహరింతురు.

మోలియేరు నాటకములను తెలుగువారికి చవిచూపినవాడు రాజమహేంద్రవరములో గణితోపాధ్యాయుడుగా నుండిన భమిడిపాటి కామేశ్వరరావు. లెక్కలు చెప్పు పంతులు హాస్యబ్రహ్మ యగుట కొందఱికి వింతగా తోచును. వింత కాదు. లెక్కలలో మెట్టు తప్పినచోటు పట్టుకొనుటయే ఉపాధ్యాయుని పని. మనుష్యుల మాటలలో మెట్టు తప్పినచోటు పట్టుకొనుటయే హాస్యరచయిత పని. రెండింటికిని కావలసిన కన్ను ఒక్కటే.

సింహమునకు ప్రాణము పోసినవారు

అదే అయిదవ తంత్రమున వేఱొక కథ. నలుగురు మిత్రులలో ముగ్గురు విద్వాంసులు, ఒకడు చదువురాని వివేకి. అడవిలో వారికి చచ్చిన సింహము ఎముకలు కనబడినవి. ఒకడు తన విద్యచే ఎముకలను కూర్చెను. రెండవవాడు రక్తమాంసములను, చర్మమును కల్పించెను. మూడవవాడు ప్రాణము పోయబోయెను. చదువురానివాడు, కొంచెము ఆగుడు, చెట్టెక్కెదను అని చెప్పి ఎక్కి కూర్చుండెను. సింహము లేచి ముగ్గురిని తిన్నది.

ఈ కథలోని విద్వాంసులు మునుపటి నలువురివంటివారు కారు. వీరి విద్య నిజమైన విద్య. ఎముకలు కూడినవి, ప్రాణము వచ్చినది. ఎచ్చటను మెట్టు తప్పలేదు. 'చేయగలమా?' అను ప్రశ్నకు వీరు సరియైన ఉత్తరము చెప్పిరి. 'చేసిన పిమ్మట ఏమగును?' అను ప్రశ్న వీరికి తట్టలేదు. ఈ రెండవ ప్రశ్న వేసినవాడు చెట్టుమీది సామాన్యుడు. కనుక ఇచ్చట నవ్వు నడుమ సన్నని భయము కలదు. 1945లో హిరోషిమా, నాగసాకి నగరములపై బాంబులు పడిన పిదప ఈ కథను వట్టి నవ్వుటాలకు చెప్పుట ఎవ్వరికిని సాధ్యము కాదు.

అయినను ఒక్క సంగతి గమనింపదగును. చెట్టెక్కినవాడు విద్యను నిందింపలేదు. ఎముకలు కూర్చవద్దని మొదటనే అడ్డుపడలేదు. సింహమని తెలిసిన తర్వాతనే వారించెను. ఇది వివేకము. ఈ కథను చూపి, చదువెందుకు చేటు తెచ్చుకొనుటకే యని చెప్పువారు చెట్టుమీదివాని మాట వినినవారు కారు.

నదిలో కొఱవి పెట్టినవారు

ఇక మూడవ జాతి నవ్వు. ఇదియే చిక్కైనది.

చెన్నపురిలో తెలుగువాడును తమిళుడును ప్రక్కప్రక్కన కూర్చుండి, ఒకడు పరమానందయ్య శిష్యుల కథలు, మఱియొకడు పరమార్థ గురువు కథలు చెప్పుకొన్నచో, ఇద్దఱును ఒకే చోట నవ్వుదురు. తమిళమున పరమార్థ గురువు కథను వ్రాసినవాడు వీరమామునివరుగా ప్రసిద్ధుడైన ఇటలీదేశపు క్రైస్తవగురువు బెస్కి. 18వ శతాబ్దివాడు. ఆతని రచనకు బాబింగ్‌టను చేసిన ఇంగ్లీషు అనువాదము 1822లో లండనులో వెలువడినది. పరమానందయ్య తెలుగువారి వెండితెరకును ఎక్కినాడు; 1966లో సి. పుల్లయ్య దర్శకత్వమున వచ్చిన 'పరమానందయ్య శిష్యుల కథ'ను చూచి నవ్వినవారు నేటికిని ఉన్నారు.

బెస్కి కథలో గురుశిష్యులు ఒక నదిని దాటవలసివచ్చెను. నది మేల్కొనియున్నపుడు దాటిన ప్రమాదమని వారి నమ్మకము. మేల్కొన్నదో నిద్రించుచున్నదో తెలియుట ఎట్లు? ఒక శిష్యుడు మండుచున్న కొఱవిని తీసికొనిపోయి నీటిలో ముంచెను. చుఱ్ఱుమని ధ్వని పుట్టి పొగ లేచినది. నది మేల్కొనియున్నదని పరుగెత్తి వచ్చెను. కొంతసేపైన పిదప మఱల అదే కట్టెను తీసికొనిపోయి ముంచిరి. ఈ తడవ ధ్వని లేదు, పొగ లేదు. నది నిద్రించినదని నిశ్చయించి మెల్లగా దాటిరి.

నవ్వక తప్పదు. కాని ఎచ్చట నవ్వవలెను? నది నిద్రించునా అని అడిగినందులకా? ఆ ప్రశ్న వెఱ్ఱిదే. అయినను ప్రశ్న పుట్టిన తర్వాత శిష్యులు చేసిన పని చూడుడు. గురువు మాటపై ఆధారపడలేదు. పంచాంగము చూడలేదు. నదినే అడిగిరి. ఒక గుర్తు ఏర్పఱచుకొనిరి. ఒకే పరీక్షను రెండు తడవలు చేసిరి. రెండు ఫలితములను పోల్చి నిర్ణయించిరి. ఇందులో ప్రయోగపద్ధతి యొక్క రూపమంతయు కలదు! తప్పిన దొక్కటే: రెండవ తడవ మాఱినది నది కాదు, కట్టె. మొదటిసారి మండుచున్న కట్టె, రెండవసారి ఆఱిపోయిన కట్టె. ఒక్కదానిని మాత్రమే మార్చి తక్కిన వానిని మార్పులేక ఉంచవలెనను నియమమును వారు తప్పిరి.

ఈ కథకు నవ్వువారు రెండు విధములు. నదిలో కొఱవి పెట్టుటయే వెఱ్ఱియని నవ్వువాడు ఒకడు. కట్టె ఆఱినదని కనిపెట్టి నవ్వువాడు ఇంకొకడు. ఇద్దఱి నవ్వు చెవికి ఒక్కతీరుగానే వినబడును. కాని రెండవవాడు నవ్వుచునే శాస్త్రజ్ఞుడైనాడు. మొదటివాడు శిష్యులకంటె ఒక మెట్టు క్రిందనే నిలిచినాడు. శిష్యులు పరీక్ష చేసిరి, ఆతడు అదియు చేయలేదు.

ఇప్పుడు నేతిగిన్నెకు తిరిగి వత్తము. తార్కికుని తప్పు సందేహించుట కాదు. వాదమును విడిచి పరీక్షకు దిగుట అంతకంటెను కాదు. అది ఆతని ఘనత. తప్పెక్కడనగా, ఉద్ధరిణెడు నేతితో తేలు సంగతికి గిన్నెడు నేయి వ్యయము చేయుట. ప్రయోగశాలలో పనిచేయువారందఱును మొదట నేర్చు పాఠమిదియే: కొంచెముతో మొదలుపెట్టుము. ఇల్లాలికి ఈ పాఠము ఎవ్వరును చెప్పకయే తెలియును. ఉప్పు చాలినదో లేదో చూచుటకు ఆమె కుండెడు పులుసు త్రాగదు. కావున లోకబుద్ధి శాస్త్రబుద్ధికి శత్రువు కాదు. లోకబుద్ధి ఎన్నో పరీక్షల ఫలితములను దాచుకొని, పరీక్షలను మఱచిపోయినది. శాస్త్రబుద్ధి ఆ పరీక్షలను మఱల చేసి చూచునది. వాని నడుమనున్న భేదమింతే. నవ్వు పుట్టునది ఈ భేదమునుండియే.

నూతిలో పడినవాడు

గ్రీకుదేశమున థేలీసు అను జ్ఞాని నక్షత్రములను చూచుచు నడచి నూతిలో పడెనట. అది చూచి ఒక దాసి నవ్వెనట. కాలిముందున్నది తెలియనివానికి ఆకాశమున ఉన్నది తెలియునా అని ఆమె హేళన. ప్లేటో తన సంవాదములలో ఒకదానియందు ఈ కథ చెప్పెను. ఆ థేలీసుపైననే అరిస్టాటిలు వేఱొక కథ చెప్పెను. పేదవాడవు, నీ జ్ఞానమేల అని జనులు ఆక్షేపింపగా, రాబోవు ఏట ఆలివుపంట విరివిగా నుండునని నక్షత్రజ్ఞానముచే గ్రహించి, చలికాలముననే నూనెగానుగలన్నిటిని స్వల్పపు సొమ్ముకు బాడుగకు కుదుర్చుకొని, పంట వచ్చినపుడు తన ఇష్టమైన ధరకు ఇచ్చి ధనము గడించెనట. ఈ రెండు కథలును జరిగినవో లేదో ముఖ్యము కాదు. లోకము నవ్వినదనియు, ఆ నవ్వునకు జవాబు చెప్పవలెనని జ్ఞానులకు తోచినదనియు ఇవి సాక్ష్యమిచ్చుచున్నవి. ఒకే మనుష్యునిపై రెండు కథలు పుట్టుటలోనే నీతి కలదు: దాసి నవ్వు అబద్ధము కాదు, చాలదు.

శాస్త్రజ్ఞులపై ఇంగ్లీషు సాహిత్యమున పేర్గాంచిన నవ్వు స్విఫ్టు నవ్వు. 1726లో వెలువడిన 'గలివరు యాత్రలు' మూడవ భాగమున లాపుటా అను తేలు ద్వీపము కలదు. అచ్చటి పండితులు ఎప్పుడును ఆలోచనలో మునిగియుందురు. ఎదుటివాడు మాటలాడునపుడు వినుటకు చెవిమీదను, బదులు చెప్పుటకు నోటిమీదను మెల్లగా తట్టుటకు సేవకులు నియమింపబడిరి. దోసకాయలనుండి సూర్యకిరణములను తీయబోవు పండితుడును ఆ భాగముననే కలడు. ఆ కాలపు రాయల్ సొసైటీ పండితులపై స్విఫ్టు విసరిన బాణములివి.

ఇచ్చట తెలుగు సాహిత్యచరిత్రలో ఆలోచింపదగిన విషయ మొకటి కలదు. స్విఫ్టు గ్రంథపు తీరున కందుకూరి వీరేశలింగము 'సత్యరాజా పూర్వదేశయాత్రలు' రచించెను. అందు ఆడుమళయాళము, లంకాద్వీపము అను రెండు యాత్రలు కలవు. లాపుటా యాత్ర లేదు. స్విఫ్టు చేతినుండి హాస్యాయుధమును గ్రహించిన పంతులుగారు దానిని శాస్త్రజ్ఞునిపై ప్రయోగింపలేదు. ఆచారములపైనను, మూఢవిశ్వాసములపైనను ప్రయోగించెను. దీనికి కారణము ఊహింపవచ్చును. స్విఫ్టు కాలమున లండనులో శాస్త్రజ్ఞుడు సంఘమున పెద్దపీట వేసికొని కూర్చుండినవాడు. పెద్దపీటమీదివానిని చూచి నవ్వుట హాస్యకవికి ధర్మము. పంతులుగారి కాలమున తెలుగునాట శాస్త్రజ్ఞునకు పీట ఇంకను వేయబడలేదు. ఆతని రాకకు వాకిలి ఊడ్చుపనిలో పంతులుగారుండిరి. శరీరశాస్త్రము, జ్యోతిశ్శాస్త్రము, జంతువుల స్వభావము వంటి విషయములపై తెలుగున పుస్తకములు ఆయనయే వ్రాయుచుండెను. రాని అతిథిని గేలిచేయుట మర్యాద కాదు. హాస్యము ఎవనిపై విసరవలెనో ఎఱుగుటయు హాస్యకళలో ఒక భాగమే.

నవ్వక నిలిచినవారు

ఎవ్వరికిని తోచని విధముగా ఆలోచించువాడు ఎదుట నిలిచినపుడు ఏమి చేయవలెను? దీనికి చెన్నపురి చరిత్రలోనే ఒక నిదర్శనము కలదు.

1910 ప్రాంతమున నెల్లూరు కలెక్టరుగా నుండిన ఆర్. రామచంద్రరావు వద్దకు ఒక యువకుడు వచ్చెను. పొట్టివాడు, మాసిన బట్టలు, నెఱవని గడ్డము, చంకలో నలిగిన లెక్కలపుస్తకము. కళాశాలపరీక్షలలో తప్పినవాడు. ఆతడు చూపిన గణితము కలెక్టరుగారు ఎన్నడును చూచినది కాదు. గణితాభిమాని యయ్యును, ఇది అర్థముకలదియో అర్థములేనిదియో తేల్చుకొనజాలకపోతినని ఆయనయే పిదప చెప్పుకొనెను. నవ్వి పంపివేయుట సులభము. ఆయన నవ్వలేదు, మఱల రమ్మనెను. యువకుడును ఆయన సంకటము గ్రహించి, తేలికైన ఫలితములను ముందు చూపి, మెట్టుమెట్టుగా పైకి నడిపించెను. నీకేమి కావలెనని అడుగగా, పరిశోధన సాగించుటకు తిండికి సరిపడునది చాలునని ఆతని బదులు. కలెక్టరుగారు కొంతకాలము నెలకు 25 రూపాయల చొప్పున ఇచ్చెను. ఆ యువకుడు శ్రీనివాస రామానుజన్. 1912లో ఆతడు మద్రాసు పోర్టుట్రస్టు కచేరీలో గుమాస్తాగా చేరెను. 1913 జనవరిలో కేంబ్రిడ్జిలోని హార్డీకి జాబు వ్రాసెను. 1914 మార్చిలో ఓడ ఎక్కెను. హార్డీయు ఆ జాబు చూచి మొదట శంకించినవాడే: ఇది మోసమా, మహాప్రతిభయా? ఆయనయు నవ్వి పాఱవేయలేదు. లిటిల్‌వుడ్డుతో కలిసి కూర్చుండి పరిశీలించి తేల్చుకొనెను.

ఇంగ్లండులో రామానుజన్ వ్యాధిగ్రస్తుడై ఉన్నపుడు హార్డీ చూడబోయి, తాను వచ్చిన టాక్సీ సంఖ్య 1729 అనియు, అది చప్పని సంఖ్యగా తోచినదనియు అనెను. కాదు, అది మిక్కిలి ఆసక్తికరమైన సంఖ్య యని రోగి లేచి చెప్పెను. రెండు ఘనముల మొత్తముగా రెండు విధముల వ్రాయదగిన సంఖ్యలలో మిక్కిలి చిన్నది అదియే. 1 ఘనము, 12 ఘనము కూడినను, 9 ఘనము, 10 ఘనము కూడినను 1729. రోగిని పలుకరింపబోయినవాడు బండిసంఖ్య చెప్పుటయు, రోగి దానికి ఘనములతో బదులిచ్చుటయు లోకమునకు నవ్వు పుట్టించును. కాని ఈ నవ్వులో హేళన లేదు, అబ్బురము కలదు. రసికుడైనవాడు దీనిని వేఱుగా గుర్తింపవలెను.

సముద్రము విషయమునను ఇట్టిదే. విశాఖపట్టణమున బాల్యము గడపి, 1903లో చెన్నపురి ప్రెసిడెన్సీ కళాశాలలో చేరిన సి. వి. రామన్, 1921లో సీమనుండి ఓడలో తిరిగి వచ్చుచు మధ్యధరా సముద్రపు నీలిమను చూచి, ఇది ఏల ఇట్లున్నదని ప్రశ్నించెను. ఆకాశము ప్రతిఫలించుటచే అని అంతకుమున్ను రేలీ చెప్పియుండెను. రామన్ తనతో తెచ్చుకొన్న నికొల్ పట్టకముతో ఆకాశపు ప్రతిఫలనమును తొలగించి చూచెను, నీలిమ తొలగలేదు. నీటియణువులు వెలుగును వెదజల్లుటయే కారణమని నిశ్చయించెను. ఆ మార్గముననే నడచి 1928లో రామన్ ఫలితము కనుగొనబడినది. అటుపిమ్మట శాస్త్రము, నీరు ఎఱుపు వెలుగును మ్రింగివేయుటయే నీలిమకు ప్రధానకారణమని ఆ సమాధానమునకును సవరణ చేసినది. ఓడలోని తక్కిన ప్రయాణికులకు సముద్రము నీలముగా నుండుట ప్రశ్నయే కాదు. ఓడ అంచున పట్టకము పట్టుకొని వంగి చూచువాడు వారికి ఎట్లు కనబడియుండునో ఊహింపవచ్చును.

శాస్త్రజ్ఞులు తమపై తామే చెప్పుకొను చతురోక్తి ఒకటి కలదు. ఖగోళజ్ఞుడు, భౌతికజ్ఞుడు, గణితజ్ఞుడు స్కాట్లండులో రైలుమీద పోవుచు పొలమున ఒక నల్లగొఱ్ఱెను చూచిరట. ఈ దేశపు గొఱ్ఱెలన్నియు నల్లనివే అని ఖగోళజ్ఞుడనెను. కాదు, ఇక్కడ కొన్ని గొఱ్ఱెలు నల్లనివని మాత్రమే చెప్పవలెనని భౌతికజ్ఞుడు దిద్దెను. గణితజ్ఞుడు నిట్టూర్చి, ఈ దేశమున ఒక పొలమైనను కలదు, అందు ఒక గొఱ్ఱెయైనను కలదు, దానికి ఒక ప్రక్కయైనను నల్లగా నున్నది, ఇంతవఱకే మనకు తెలిసినదనెను. ఈ గణితజ్ఞుడు మన నేతిగిన్నె తార్కికునకు వేలువిడిచిన తమ్ముడు. ఇద్దఱును చూచినదానికంటె ఒక్క వెండ్రుకవాసియైనను ఎక్కువ చెప్ప నొల్లరు. తమ పట్టుదల ఎంత దూరము పోయిన నవ్వులపాలగునో తామే కొలిచి చూపుటచే, ఈ హాస్యము ఆ విద్యకు రక్షయే గాని హాని కాదు.

తప్పిన లెక్క

తెలుగున ఈ మూడవ జాతి హాస్యము, అనగా శాస్త్రము చదివినవాడు తన పద్ధతిని తానే పరిహసించుకొను హాస్యము, కొఱతగా నున్నదని ఒప్పుకొనవలెను. దీనికి తెలుగుబుద్ధి లోపము కారణము కాదు. ఏ విద్యను ఏ భాషలో అభ్యసింతుమో ఆ భాషలోనే ఆ విద్యపై నవ్వగలము. తర్కము, వ్యాకరణము నిత్యము చర్చించుకొన్న కాలమున నేతిగిన్నె పుట్టినది. భౌతికము, రసాయనము తెలుగున చర్చించుకొననిచో వానిపై తెలుగునవ్వు ఎట్లు పుట్టును? కొమఱ్ఱాజు లక్ష్మణరావు 1906లో హైదరాబాదున స్థాపింపబడిన విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని నడపి, దానిని చెన్నపురికి తెచ్చి, శాస్త్రగ్రంథములు తెలుగున వ్రాయించి, విజ్ఞానసర్వస్వమునకు పూనుకొని, అది పూర్తికాకమునుపే 1923లో ఇచ్చటనే కన్నుమూసెను. ఆయన కోరినది పరిభాష మాత్రమే కాదు. ఆ పరిభాషతో తెలుగువాడు ఇంటివసారాలో కూర్చుండి మాటలాడుకొను దినము. అట్టి దినము వచ్చినదనుటకు, తెలుగున విజ్ఞానముపై హాస్యము పుట్టుటయే మొదటి గుర్తు.

ఈ మాటకు పాఠశాలలో విలువ కలదు. చెన్నపురిలో తెలుగు చదువు బాలుడు ఇంట ఒక భాష, వీధిలో ఒక భాష, శాస్త్రపాఠమున ఒక భాష వాడుచున్నాడు. ఆతడు మెరీనా ఒడ్డున నిలిచి, దోసిట పట్టిన నీటికి రంగు లేదుగదా, కడలికి ఎక్కడినుండి వచ్చినదని తెలుగున అడిగినచో, తోటివారు గొల్లుమని నవ్వవచ్చును. ఆ నవ్వుకు పెద్దవారును కలిసినచో ఆ ప్రశ్న అచ్చటనే చచ్చును. దానితో ఆ భాషలో ప్రశ్నించు అలవాటును చచ్చును. తర్వాత ఆతడు ప్రశ్నింపడని కాదు, తెలుగున ప్రశ్నింపడు. మాతృభాష పండుగలకును పద్యములకును మాత్రమే మిగులును. ఒక తరగతిగదిలోని నవ్వు ఇంతపని చేయగలదు.

చెన్నపురినుండి 1947 జూలైలో వెలువడ నారంభించిన చందమామ తెలుగుపిల్లలకు దీనికి విరుగుడు చూపినది. భౌతికశాస్త్రము చదివిన కొడవటిగంటి కుటుంబరావు 1952 మొదలుకొని 1980లో మరణించువఱకు దానికి ఊపిరిగా నుండెను. అందలి భేతాళకథ ప్రశ్నతో తుదిముట్టును. తెలిసియు చెప్పకున్న తల పగులునని భేతాళుడు బెదరించును. ఆ పత్రిక నేడు వెలువడుట లేదు; కాని ప్రశ్న విన్నవెంటనే నవ్వక, రాజుకంటె ముందు తాను సమాధానము వెదకిన బాలుర తరములు దానివలన ఏర్పడినవి.

కొఱవి కథకు ముగింపు ఒకటి మిగిలియున్నది. నది దాటిన గురుశిష్యులు తమలో ఎవడైన కొట్టుకొనిపోయెనేమో యని లెక్కించుకొనిరి. లెక్కపెట్టినవాడు ప్రతివాడును తన్ను విడిచి తక్కినవారిని లెక్కించెను. ఒకడు తక్కువైనాడని ఏడ్చిరి. దారినపోవువాడొకడు వచ్చి ఒక్కొక్కని వీపున ఒక్కొక్క దెబ్బ వేసి లెక్కింపగా లెక్క సరిపోయినది. ఇదే కథను పదిమంది ప్రయాణికుల కథగా వేదాంతులు చెప్పుదురు. విద్యారణ్యుని పంచదశిలోని దశముడు ఇతడే. వెదకుచున్న పదవవాడవు నీవే యని తెలియజెప్పుట అందు ఉపదేశము.

శాస్త్రజ్ఞునిపై లోకము నవ్వునపుడు జరుగుచున్నదియు ఈ లెక్కయే. నూతిలో పడినవానిని లెక్కింతుము. నేయి ఒలుకబోసినవానిని లెక్కింతుము. నదిలో కొఱవి పెట్టినవారిని లెక్కింతుము. నవ్వుచున్న మనలను లెక్కింపము. కట్టె ఆఱినదని మనకు తెలిసినదా? గిన్నె ఒంపక మునుపు నేయి ఒలుకునని మనకెట్లు తెలిసినది? ఈ ప్రశ్నలు వేసికొని నవ్వినవాని నవ్వు విద్య. వేసికొనక నవ్వినవాడు తన్ను మఱచిన పదవవాడు. సహృదయులు ఈసారి నేతిగిన్నె కథ పిల్లలకు చెప్పునపుడు, వారు నవ్వి ముగించిన పిదప ఒక్క క్షణమాగి, ఆ తార్కికుడు ఏమి చేసియుండవలసినదని అడిగి చూతురు గాక. ఉద్ధరిణెడు చాలునని చెప్పు బాలుడు ఆ గుంపులో ఒకడుండకపోడు.